గాలిలైను కింద ఇరవయ్యారో ఇల్లు

గాలిలైనును కూలగొడతారట అన్న కబురు వచ్చేసరికి కాశయ్య పులి కథలో సగం దూరం వెళ్ళి ఉన్నాడు.

ఆ కథ ఇల్లందులో విననివాళ్ళు లేరు. అయినా తుల్సీరాం హోటల్లో చాయ్ తాగేవాళ్ళు అడిగి మరీ చెప్పించుకునేవాళ్ళు, ఎందుకంటే చెప్పిన ప్రతిసారీ పులి ఒక మూరెడు పెరిగేది. భద్రాచలం అడవిలోంచి దారి తప్పి వచ్చిన పులి ఒకటి నిద్రమత్తులో బొగ్గు మోసే ఇనుప టబ్బెక్కి పడుకుందట. కాశయ్య చూసుకోకుండా ఆ టబ్బుకు తాడు తగిలించాడట. పులి గాలిలైను పొడుగునా ఊరేగి అటు చివర దిగేసరికి, చారలు కూడా కనపడకుండా నల్లబడిపోయిందట. అడవికి తిరిగిపోతే మిగతా పులులు ఎలుగుబంటి అనుకొని తరిమాయట.

"పాపం, అప్పుడేం జేసింది?" అని ఎవరో అడిగారు.

"ఏం జేస్తది, మల్ల మన బొగ్గుబాయి కాడికే వచ్చింది. హాజరు మస్టర్ల పేరు రాయమన్నది. రాసేటాయనకు దాని ఇంటిపేరు తెల్వక..."

అక్కడిదాకా వచ్చేసరికి వరసకు బావమరిది అయ్యే పగిడయ్య రొప్పుకుంటూ హోటల్లోకి వచ్చాడు. "బావా, పులి సంగతి ఇడిసిపెట్టు. నీ లైనును కూలగొడ్తున్నరు. కాంట్రాక్టరొచ్చి స్తంభాలు లెక్కబెట్టుకొని పోయిండు."

కాశయ్య చేతిలోని సాసర్లో చాయ్ చల్లారిపోయింది. పులి ఆ రోజుకు పేరు లేకుండానే నిలబడిపోయింది.

గాలిలైను అంటే ఇప్పటివాళ్ళకు చెప్పాలి. మూడో నంబరు బాయి నోటి దగ్గర మొదలై, వాగు దాటి, కార్మికుల క్వార్టర్ల నెత్తిమీదుగా బొగ్గు రైళ్ళు నిలిచే సైడింగు దాకా ముప్పావు మైలు పొడుగున గాలిలో నడిచే దారి అది. మూడు నిలువుల ఎత్తు ఇటుక స్తంభాలు, వాటి మీద ఇనుప దూలాలు, దూలాల మీద మద్దిచెక్కల పరుపు. పరుపు రెండు వరుసలు. ఒకదాని మీద నిండు టబ్బులు పోయేవి, రెండోదాని మీద ఖాళీ టబ్బులు వచ్చేవి. రెంటికీ మధ్య జానెడు సందు. లాగే తాడుకు టబ్బులు తగిలిస్తూ, విప్పుతూ, ఆ చెక్కల మీద ముప్పై ఒక్క ఏళ్ళు అటూ ఇటూ నడిచినవాడు కాశయ్య. మనిషి అయిదడుగులకు రెండు వేళ్ళు తక్కువ. అందుకేనేమో అంత ఎత్తు మీద నౌకరీ దొరికినందుకు జీవితాంతం మురిసిపోయాడు.

ఎనభై అయిదులో బాయిలో బొగ్గు అయిపోయింది. పట్టాలు పీక్కుపోయారు, తాడు చుట్టుకుపోయారు. తుప్పుపట్టిన ఏడు టబ్బులు మాత్రం ఎవరికీ అక్కర్లేక పైనే మిగిలాయి. ఆ మరుసటేడే కాశయ్య కూడా రిటైరయ్యాడు. అయినా పొద్దున లేచి, నలభైరెండు మెట్లెక్కి, ఆ చివరి దాకా నడిచి వస్తేనే అతనికి అన్నం సయించేది.

ఆ రోజే పగిడయ్యను వెంటబెట్టుకొని బొగ్గు కంపెనీ ఆఫీసుకు పోయాడు. అక్కడి ఆఫీసరు వెంకటరామారావు వైరా వైపు మనిషి. ఆరడుగుల పైచిలుకు ఎత్తు. కుర్చీలో కూర్చున్నా నిలబడ్డట్టే కనిపించేవాడు.

"పార్కా? గాల్లోనా?" అన్నాడు ఆయన.

"మరెక్కడ సారూ? ఈ ఊర్లె నేల మీద జాగా ఎక్కడున్నది? కింద చూస్తె బొగ్గు, మీద చూస్తె క్వార్టర్లు. రిటైరైనోళ్ళు గంతసేపు కూసుందామంటే తుల్సీరాం హోటల్ల బల్ల ఒక్కటే. అది గూడ నలుగురికే. అయిదోవాడు కూసోవాలంటే ఒగలు కాలం జెయ్యాలె."

వెంకటరామారావు నవ్వు ఆపుకొని, "అక్కడ ఏముంటుంది చూడ్డానికి?" అన్నాడు.

"గాలి సారూ! నేనొకసారి ఆడ బీడీ ముట్టిస్తె, ఆ పొగ కొట్టుకపోయి మీ వైరా మీద నిలవడ్డది. మబ్బు పట్టిందనుకొని కల్లాల్ల మిరపకాయలన్ని లోపలికి ఎత్తుకున్నరంట."

"ఏ సంవత్సరం?"

"మీరు బడికి పోని సంవత్సరం."

ఆఫీసరు ఈసారి నవ్వు ఆపుకోలేదు. కానీ నవ్వాక కాగితం తీసి సూటిగా చెప్పాడు. "చూడు పెద్దాయనా, ఆ లైను కింద ఇరవయ్యారు ఇళ్ళున్నాయి. రేపు వాళ్ళ నెత్తిమీద జనం తిరిగితే గొడవలొస్తాయి. ఇరవయ్యారిళ్ళ వాళ్ళూ మాకు సమ్మతమే అని వేలిముద్ర వేస్తే నేను పైకి రాస్తాను. ఒక్క ఇల్లు కాదన్నా నా చేతిలో లేదు, కాంట్రాక్టరు మొదలుపెడతాడు. నెల రోజులు టైము."

"నెలెందుకు సారూ, రెండ్రోజులు" అని కాశయ్య లేచాడు.

నిజంగానే రెండు రోజుల్లో ఇరవై అయిదు వేలిముద్రలు పడ్డాయి. ఎవరికి తగ్గ కథ వాళ్ళకు చెప్పాడు. ఉబ్బసంతో బాధపడే గురవమ్మకు, దగ్గు పట్టిన కోడిపుంజు గాలిలైనెక్కి వారం తిరిగి, దిగి వచ్చాక వాడకట్టంతా నిద్ర లేపిన సంగతి చెప్పాడు. సినిమాల పిచ్చి ఉన్న దూలయ్యకు, ఆ పైనుంచి చూస్తే టాకీసు గేటు తెరవడం అందరికంటే ముందు కనపడుతుందని చెప్పాడు. వాళ్ళు నమ్మి వేశారా అంటే లేదు. కాశయ్య అంతగా బతిమాలుతుంటే వద్దనలేక వేశారు.

ఇక మిగిలింది ఒక్క ఇల్లు. అది కాశయ్య ఇల్లే. ఆయన రిటైరయ్యాక ఆ క్వార్టరు భార్య సారక్క పేరు మీదికి మారింది. ఆమె కంపెనీ దవాఖానాలో ఆయా, ఇంకా సర్వీసు ఉంది. కాబట్టి వేలు ఆమెదే పడాలి.

సారక్క అరుగు మీద కూర్చొని మిరపకాయల తొడిమెలు తీస్తోంది. ఖమ్మం నుంచి తెప్పించిన కాయలు. ఆమె కొట్టే కారం కోసం సగం వాడకట్టు గిన్నెలు పట్టుకొని వచ్చేది.

"ఏమే, గా వేలు ఇటియ్యి" అన్నాడు కాశయ్య కాగితం చాస్తూ.

"ఎయ్య."

"ఏంది?"

"ఎయ్యనంటున్న. చెవుల్ల బొగ్గు నిండిందా?"

కాశయ్య నవ్వి పక్కన కూర్చోబోయాడు. సారక్క చాట అడ్డం పెట్టింది.

"ఈ ఇంటికొచ్చి ముప్పై ఒక్క ఏండ్లాయె. పొద్దుగాల గురవమ్మోళ్ళ గోడ అడ్డం. పగటీలి నీ లైను అడ్డం. పొద్దుమీకి మన ఇల్లే మనకు అడ్డం. ఒక్కనాడన్న నా వాకిట్ల నిండు ఎండ సూసిన్నా? బొగ్గు రాలింది, దులుపుకున్న. సప్పుడైంది, పండుకున్న. ఇప్పుడు వాళ్ళంతట వాళ్ళే కూలగొడ్తమంటుంటే, నువ్వు దానిమీద పూలతోట పెడ్తవా?"

"గంతేనా! పైన ఎండే ఎండ. కాయలు పైకి తెచ్చి ఆరబొయ్యి."

"నలభైరెండు మెట్లు. మోకాళ్ళు నువ్విస్తవా?"

కాశయ్య దగ్గర దానికి కథ లేదు. నిజానికి ఈ ఎండ మాట ఆమె కొత్తగా అన్నది కాదు. పెళ్ళయిన తెల్లారి ఏటి నుంచీ అంటూనే ఉంది. కాశయ్యే దాన్ని ఎప్పుడో కథ చేసి తుల్సీరాం హోటల్లో పంచాడు. 'మా ఇంట్ల మిరపకాయలకు ఎండతోటి పనిలేదు, మా ఆమె ఒక్క చూపు చూస్తె భయానికే ఎండుతయి' అని. ఊరంతా నవ్వింది. ఆ నవ్వు గోడ దాటి సారక్క దాకా కూడా వచ్చింది.

'నెల ఉంది కదా, మెత్తబడకపోతదా' అనుకున్నాడు కాశయ్య. అనుకొని, వేలిముద్ర లేకుండానే పని మొదలుపెట్టాడు.

మొదటి రోజు పిలిస్తే నలుగురే వచ్చారు. రెండో రోజు కాశయ్యకు ఒక ఉపాయం తట్టింది. పాత రిజిస్టరు ఒకటి సంపాదించి, పొద్దున ఆరింటికి మెట్ల కింద నిలబడి, బాయి దగ్గర పిలిచినట్టే గొంతెత్తి మస్టర్ పిలవడం మొదలుపెట్టాడు. రిటైరైనవాడికి తన పేరు పొద్దున్నే ఎవరైనా పిలిచి ఎంతకాలమైంది? ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. తువ్వాల భుజాన వేసుకొని, ఎందుకు పిలుస్తున్నాడో అడగకుండానే వచ్చి వరసలో నిలబడ్డారు. వారం తిరిగేసరికి ముప్పై ఏడు మంది.

"దస్రు!" అని పిలిచాడు ఒకనాడు అలవాటు మీద.

"దస్రు పోయిన దసరాకే పైకి పోయిండు బావా" అన్నాడు పగిడయ్య మెల్లగా.

కాశయ్య రిజిస్టరు అతని చేతిలో పెట్టాడు. "మనం గూడ పైకే కద పోయేది. హాజరెయ్" అన్నాడు. వేశారు.

తోట పెట్టాలంటే మట్టి కావాలి. మద్దిచెక్కల మీద మట్టి ఎక్కడిది? ఇంకా నౌకరీలో ఉన్నవాళ్ళు షిఫ్టు దిగి వాగు మీదుగా ఇంటికి వచ్చేటప్పుడు, ఖాళీ అన్నం క్యారేజీల్లో ఒండ్రుమట్టి నింపి పైకి తెచ్చిపోశారు. "నేను పప్పు పెట్టిచ్చిన గిన్నెల బురద తెస్తవా" అని ఇళ్ళల్లో ఒకటే తిట్లు. తుప్పు టబ్బులు ఏడూ కుండీలయ్యాయి. ఒకదాంట్లో బంతి, ఒకదాంట్లో కనకాంబరం, ఒకదాంట్లో ఎవరికీ చెప్పకుండా దూలయ్య వేసిన గోంగూర.

ఇదంతా జరుగుతుంటే సారక్క కిందనుంచి చూస్తూ ఉండేది. పది గంటలకు తాడుకు బకెట్టు కట్టించి అందరికీ చాయ్ పంపేది. బకెట్టు దించుతూ కాశయ్య కాగితం కూడా అందులో వేసేవాడు. మర్నాడు చాయ్ గ్లాసులతో పాటు కాగితం, మడత నలగకుండా, వేలిముద్ర పడకుండా, పైకి వచ్చేది.

నడుమ భాగంలో నీడకు పందిరి వేయాలన్నారు. ఆ పని పగిడయ్యది. ఇరవై ఎనిమిదేళ్ళు బాయి లోపల పైకప్పు కూలకుండా దిమ్మెలు నిలబెట్టిన చెయ్యి అతనిది. అటొక దిమ్మె, ఇటొక దిమ్మె, మీద అడ్డంగా ఒక దూలం. అట్లా ముప్పై జతలు వరసగా నిలబెట్టి, మీద వెదురు తడకలు పరిచి, కాశీరత్నం తీగ పాకించాడు. కొలబద్ద ముట్టుకోలేదు. చెయ్యి పైకెత్తి, "ఈడికి" అని గీత పెట్టి కోశాడు. పెద్దమనుషులు ముప్పై ఏడుగురూ దాని కింద అటూ ఇటూ తిరిగి, "అబ్బ, ఎంత హాయిగున్నదిరా" అనుకున్నారు. కాశయ్య కూడా తిరిగాడు. ఆయనకు ఎట్లాగూ ఏదీ తగలదు.

గడువు నాలుగు రోజులుందనగా, గురువారం నాడు, వెంకటరామారావు చూడడానికి వచ్చాడు. మెట్లెక్కి పైకి వచ్చి గాలి ముఖాన కొట్టేసరికి ఆయన ముఖంలో ఆఫీసు దిగిపోయింది. బంతిపూలు చూశాడు. గోంగూర చూసి చూడనట్టు నడిచాడు. పందిరి చూసి ముచ్చటపడి, "భలే!" అంటూ లోపలికి అడుగు పెట్టాడు.

ఠంగుమంది.

"టోపీ!" అని ముప్పై ఏడు గొంతులు ఒక్కసారే అరిచాయి. బాయిలో ఎవడి తల దూలానికి తగిలినా అరిచే అరుపు అది, ముందు నోరు అరుస్తుంది, తర్వాతే మనిషికి తెలుస్తుంది.

వెంకటరామారావు నుదురు పట్టుకొని కూలబడ్డాడు. ఇంతలో కిందనుంచి నవ్వు వినిపించింది. మామూలు నవ్వు కాదు, కొంగు నోట్లో కుక్కుకొని కూడా ఆగని నవ్వు. సారక్క వాకిట్లో రోటికి ఆనుకొని నవ్వుతోంది.

"నెల దినాల సంది సూస్తనే ఉన్న!" అని అరిచింది పైకి. "నెత్తిమీద గంత ఆకాశముండంగ, ముసలోళ్ళంత నడుమొంచుకొనే తిరుగుతున్నరు! బాయి ఇంక ఇడిసిపెట్టలేదా మిమ్ముల?"

ముప్పై ఏడు మందీ ఒకళ్ళ నొకళ్ళు చూసుకున్నారు. నిజమే. ఒక్కడి వీపూ నిటారుగా లేదు. పందిరి సరిగ్గా మూడో నంబరు బాయి గనిదారి అంత ఎత్తే ఉంది, అయిదడుగులు. పగిడయ్య తన కుడిచేతిని తానే కొత్తగా చూసుకున్నాడు. "నా చెయ్యి అంతకంటె పైకి లేవలేదు బావా. తెల్వనేలేదు" అన్నాడు.

వెంకటరామారావు లేచి అంచుదాకా వచ్చి కిందికి వంగాడు. "ఎవరమ్మా నువ్వు?"

"ఇరవయ్యారో ఇల్లు సారూ" అన్నాడు దూలయ్య ఉండబట్టలేక. "వేలిముద్ర ఎయ్యనిది ఆమె ఒక్కతే. మా కాశన్న భార్య."

ఆఫీసరు నుదుటి బొప్పి మర్చిపోయి కాశయ్య వంక చూశాడు. కాశయ్య బంతిమొక్కకు లేని పురుగు ఏరుతున్నాడు.

"ఎందుకు వద్దంటున్నావమ్మా?" అని అడిగాడు ఆయన.

సారక్క నవ్వు ఆపింది. పైట సర్దుకుంది. "సారూ, నాకు మీ తోట మీద పగ లేదు. ఆయన ముప్పై ఒక్క ఏండ్లు ఆ మీద ఎండల నడిసిండు, నేను గన్ని ఏండ్లు ఈ కింద నీడల ఉన్న. ఇగ నాక్కొంచెం ఎండ గావాలె. గంతే."

ఆమె గొంతులో కోపం లేదు. అదే కాశయ్యకు ఎక్కడో గుచ్చుకుంది. కోపముంటే ఏదో ఒక కథతో దాటేసేవాడు.

"సోమవారం దాకా చూస్తాను" అన్నాడు వెంకటరామారావు దిగిపోతూ. "ఆవిడ వేయకపోతే నేను చేయగలిగిందేమీ లేదు. బలవంతం చేశారని తెలిస్తే నేనే కాంట్రాక్టరును పిలుస్తాను."

ఆ మధ్యాహ్నం పందిరి విప్పి దిమ్మెలకు అతుకులు వేసి ఎత్తు పెంచే పనిలో పడ్డారు అందరూ. శుక్రవారం కాశయ్య మస్టర్ పిలిచాడు కానీ పైకి వెళ్ళలేదు. "ఒంట్లె బాగలేదు" అని ఇంటి అరుగు మీదే మంచం వాల్చుకొని, తువ్వాల ముఖం మీద కప్పుకొని పడుకున్నాడు. పగటిపూట ఆ అరుగు మీద పడుకోవడం అతనికి జీవితంలో అదే మొదలు. నౌకరీ ఉన్నన్నాళ్ళూ షిఫ్టులు, తర్వాత రెండేళ్ళూ గాలిలైను.

తువ్వాల పోగుల్లోంచి చూస్తున్నాడు.

పదకొండున్నర ప్రాంతంలో, పైన రెండు పరుపుల మధ్య ఉన్న జానెడు సందులోంచి ఒక ఎండగీత వాకిట్లోకి దిగింది. తాడు పరిచినట్టు సన్నగా, వాకిలి పొడుగునా. సారక్క మిరపకాయల చాప తెచ్చి దాని కింద పరిచింది. పొడుగ్గా, జానెడు వెడల్పున, కాయలన్నీ ఆ గీతలోకే వచ్చేట్టు. తర్వాత గోడ దగ్గర నిలబడి గురవమ్మతో కబుర్లలో పడింది. దవాఖానా సంగతులు, ఎవరికి కాన్పయింది, ఎవరికి కుట్లు పడ్డాయి.

గీత జరిగింది. సారక్క మాట ఆపలేదు, తల తిప్పలేదు. కుడికాలితో చాప అంచును జరిపింది. కాయలు మళ్ళీ ఎండలోకి వచ్చాయి. మళ్ళీ గీత జరిగింది, మళ్ళీ కాలు జరిపింది. గోడ దగ్గర్నుంచి రోలు దగ్గరికి, రోలు దగ్గర్నుంచి నీళ్ళు పోయే జాలారు అంచుకు. ఆ కాలికి టైము తెలుసు. ఒంటిగంట దాటాక గీత గోడెక్కి మాయమైంది. సారక్క చాప చుట్టి, ముఖం కడుక్కొని, రెండింటి డ్యూటీకి వెళ్ళిపోయింది.

కాశయ్య ముఖం మీద తువ్వాల అట్లాగే ఉంది. టబ్బులు నడిచిన రోజుల్లో ఆ జానెడు సందు మీది నుంచి రోజుకు ఎన్ని వందల సార్లు దాటాడో. ఒక్కసారైనా వంగి కిందికి చూసి ఉంటే, తన పెళ్ళాం ఎండను కాలితో తరుముతూ ఉండడం కనిపించేది.

లేచి, గడ్డపార భుజాన వేసుకొని మెట్లెక్కాడు.

తమ వాకిలి సరిగ్గా ఏ చెక్క నుంచి ఏ చెక్క దాకా వస్తుందో పైనుంచి గుర్తుపెట్టుకున్నాడు. ఖాళీ టబ్బుల వైపు పరుపులో మొదటి మద్దిచెక్క కింద గడ్డపార దూర్చి ఒత్తాడు. మద్ది అంత తేలిగ్గా కదులుతుందా? ముప్పై ఏళ్ళ వానకు తడిసి, ఎండకు బిగిసి, ఇనుము కంటే మొండిదై కూర్చుంది. గంటసేపు కొట్టాడు. ఒక్క మేకు లేచింది.

చప్పుడు విని పందిరి దగ్గరి వాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు.

"బావా, పిచ్చెక్కిందా?" పగిడయ్య గడ్డపార పట్టుకున్నాడు. "ఒక్క ఇటుక గూడ ఊడొద్దని మమ్ముల తెల్లారకముందే లేపితివి. ఇప్పుడు నువ్వే ఇప్పుతున్నవా?"

"ఇడువు."

"ఎందుకో చెప్పు. కథన్న చెప్పు, వింట."

"కథ లేదు. కింద ఎండ పడాలె" అన్నాడు కాశయ్య. చెమట కళ్ళల్లోకి కారుతోంది. "మా వాకిలి ఎంత ఉంటె అంత మేర ఈ పక్క పరుపు తీసేస్త. నిండు టబ్బుల పక్క ఉంటది, మనుషులు దాటిపోతరు. రెండు దిక్కుల కటకటాలు కడదాం. తోటకు అక్కడొక గండి ఉంటది. ఉంటె ఉండనియ్యి."

పగిడయ్య అతని ముఖంలోకి చూశాడు. బావ ముఖంలో కథ లేకపోవడం అతను ఎన్నడూ చూడలేదు. గడ్డపార వదిలి, "నీది పట్టే తీరు గాదు గని, జరుగు" అన్నాడు.

ఆ పూటా, శనివారమంతా పట్టింది. చెక్కలు ఊడదీసి తాళ్ళతో జాగ్రత్తగా పక్కకు లాగారు. అవే బల్లలయ్యాయి, పదకొండు. మిగిలిన ముక్కలు కటకటాలయ్యాయి. సారక్క రెండు రోజులూ ఏమిటని అడగలేదు. పైనుంచి తుప్పు, పెంకులు రాలుతుంటే మిరపకాయల మీద దుప్పటి కప్పి, "మొదలుపెట్టిండ్రా కూలగొట్టుడు?" అని మాత్రం గురవమ్మను అడిగింది. గురవమ్మ తెలిసి కూడా చెప్పలేదు.

ఆదివారం పదిన్నరకు ఎండ దిగడం మొదలైంది. గీత కాదు. ముందు గోడ మొత్తం, తర్వాత అరుగు సగం, పన్నెండయ్యేసరికి నిలువుగా వాకిలంతా. సారక్క వంటింట్లోంచి బియ్యం కడిగిన నీళ్ళు పారబోద్దామని బయటికి వచ్చి గడప మీదే ఆగిపోయింది. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కాశయ్య గోడ పక్కన నిలబడి ఆమె ఏమంటుందోనని చూస్తున్నాడు. ఏ పొగడ్తకైనా సిద్ధంగా మీసం కూడా దువ్వుకున్నాడు.

"అయ్యో నా తల్లీ, ఎంత మురికున్నదే!" అంది సారక్క.

ముప్పై ఏళ్ళుగా నీడలో కనపడని బొగ్గుమసి గోడ మూలల్లో, రోలు అడుగున, గడప సందుల్లో, అంతా కనపడింది. ఆకుపచ్చ అనుకుంటున్న తలుపు నీలం రంగుదని తేలింది. ఆమె నీళ్ళ గిన్నె కింద పెట్టి, కొంగు నడుముకు దోపి, చీపురు తీసుకుంది. "సూస్తవేంది, చేదబాయిల నీళ్ళు తోడుకరా" అని కసిరింది. కాశయ్య పన్నెండు బిందెలు తెచ్చాడు. వాకిలి కడిగారు. కడిగిన వాకిలి ఆవిర్లు కక్కుతూ చూస్తుండగానే ఆరిపోయింది. సారక్క ఆ వెచ్చటి నేల మీద వట్టికాళ్ళతో ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి నడిచింది. తిరిగి వచ్చి, కాళ్ళు చాపుకొని నడిమధ్య కూర్చుంది. పైకి చూసింది. చాలాసేపు చూసింది.

"అటు పక్క చెక్కలు తియ్యలేదేంది?" అంది.

"అవి తీస్తె మనుషులు ఎట్ల దాటుతరే?"

"నీ ప్రాణమంత వాటి మీదనే ఉండె గద. సగం తీసినవ్?"

కాశయ్య ఏదో చెప్పబోయాడు. నోట్లో ఏనుగు కథ ఒకటి సిద్ధంగానే ఉంది. ఎందుకో దాన్ని మింగేశాడు. "తీసిన" అన్నాడు.

సారక్క చేయి చాచింది. "ఏదీ, గా కాగితం."

సిరాడబ్బీ కోసం కాశయ్య ఇల్లంతా వెతికాడు. సారక్క బొటనవేలు ముంచి, ఇరవయ్యారో గడిలో గట్టిగా ఒత్తి, మిగిలిన సిరాను అతని ధోవతికి తుడిచింది. "ఉతుక్కో" అంది. "ఇయ్యాల్టి సంది ఆరేసుకునే జాగా ఉన్నది."

సోమవారం ఆ కాగితం వెంకటరామారావు బల్ల మీదికి, అక్కణ్ణుంచి ఖమ్మం దారి పట్టి పై ఆఫీసులకు పోయింది. ఎండలు ముదరకముందే సరేనని జవాబొచ్చింది. కాంట్రాక్టరు ఇంకో బాయికి వెళ్ళిపోయాడు. గాలిలైను మీద తోట తెరిచిన రోజు ఇల్లందు ఊరంతా మెట్ల దగ్గర వరస కట్టింది. ఎత్తు పెంచిన పందిరి కిందికి వెంకటరామారావు ముందు చెయ్యి పెట్టి చూసి, తర్వాతే తల పెట్టాడు. పెద్దమనుషులు మాత్రం ఇంకా వంగే నడుస్తున్నారు. పగిడయ్య ఒక్కడు, ఎవరో కొలుస్తున్నట్టు, గడ్డం పైకెత్తి నడిచాడు.

జనమంతా గండి దగ్గరికి వచ్చేసరికి ఆగి, కటకటాల మీదుగా కిందికి చూసి, "ఇదేంది, ఈడ చెక్కలేమైనయి?" అని అడుగుతున్నారు. కాశయ్యకు అంతకంటే ఏం కావాలి? నడుమ నిలబడి, ధోవతి ఎగ్గట్టి, అందుకున్నాడు. ఆకాశంలోంచి రాయి పడిందన్నాడు. కాదు కాదు, ఆ రాత్రి చంద్రుడే దిగబోయి ఇరుక్కున్నాడన్నాడు. చుట్టూ ఇరవై మంది చేరారు. వెంకటరామారావు కూడా వాళ్ళ వెనక నిలబడి వింటున్నాడు.

"ఓ ముసలోడా!" అని కిందనుంచి కేక వచ్చింది.

కాశయ్య వంగి చూశాడు. వాకిలి నిండా ఎర్రగా మిరపకాయలు పరిచి ఉన్నాయి. నట్టనడుమ, వాటి మీద నల్లగా, పొట్టిగా, చేతులు తిప్పుతూ ఒక నీడ.

"నీ నీడ పడుతున్నది కాయల మీద. జరుగు!"

కాశయ్య రెండడుగులు పక్కకు జరిగాడు. ఆయనతో పాటు ఇరవై మందీ జరిగారు. ఆఫీసరు కూడా జరిగాడు.

"ఇంకింత!" అంది సారక్క.